ఆట తెచ్చినవాళ్ళకే టీ

ఇది మొదలైంది మార్చి నెల రెండో శనివారం పొద్దున, తొమ్మిది గంటల పది నిమిషాలకు. టైము నా చేతి గడియారంలో చూసి చెబుతున్నాను, హాలు గోడ మీది గడియారంలో కాదు. బడుల్లో గోడ గడియారాలను నేను నమ్మను. ముప్పై ఏడేళ్ళు బడుల్లోనే పనిచేశాను కనక ఆ మాట అనే హక్కు నాకుంది. జురాంగ్ వెస్ట్‌లో మా ఫ్లాటుకి రెండు బస్ స్టాపుల అవతల ఒక ప్రైమరీ స్కూలు హాల్లో, ఊరి నలుమూలల నుంచీ వచ్చిన పీఈ టీచర్ల మధ్య, మూడో వరసలో కూర్చుని ఉన్నాను. కూర్చుని ఉన్నాను అనడం మర్యాదకి. మోకాలు మార్పించుకున్నప్పటి నుంచీ కాసేపటికి మించి ఒకచోట కూర్చుంటే కాలే నన్ను లేపుతుంది. అంతకుముందు మాత్రం కూర్చున్నానా అంటే, అదీ లేదు. "కుండకైనా కుదురుంది, నీకు నేదే సత్తీ," అనేది మా అమ్మ. కుండ దొర్లకుండా అడుగున పెట్టే చుట్టని కుదురంటారని ఇప్పటి పిల్లలకు చెప్పాలి. ఊళ్ళో అయితే వరిగడ్డితో చుడతారు. సింగపూర్‌లో వరిగడ్డి ఎక్కడిది? అమ్మ పాత చీరల పేలికలతో చుట్టేది.

నన్ను అక్కడికి తీసుకెళ్ళింది మా మనవరాలు మేఘన, నా కూతురి కూతురు. ఇంట్లో నా వృత్తిలోకి వచ్చింది అదొక్కతే. వాళ్ళ నాన్న హైదరాబాదు నుంచి వచ్చి వన్-నార్త్‌లో కంప్యూటర్ల పని చేస్తాడు. మంచివాడే, కాని కూతురు ఆటల టీచరు అవుతానన్నప్పుడు చాలా రోజులు మా ఇద్దరితోనూ ముభావంగా ఉన్నాడు. ఏడాదికోసారి పీఈ టీచర్లంతా ఇలా ఒకచోట చేరి, తమ బడిలో ఏం నేర్పుతున్నారో ఒకరికొకరు చూపించుకుంటారు. ఒక గదిలో బంతి, ఇంకో గదిలో నాట్యం, మరో గదిలో చక్రాల కుర్చీలో ఉన్న పిల్లని ఆటలోకి ఎలా తీసుకురావాలో. అందరి మెడల్లోనూ కార్డులు, హాలు బయట బల్ల మీద బీహూన్ అనే బియ్యపు సేమ్యా, కర్రీపఫ్‌లు. నా కార్డు మీద 'గెస్ట్' అని ఉంది. మేఘన ముందే లోపలికి వెళ్ళి టిష్యూ ప్యాకెట్ పడేసి నాకు కుర్చీ చోప్ చేసి, అంటే ఇంకెవరూ కూర్చోకుండా పట్టి, ఉంచింది. "ఈ సెషన్ నీకు నచ్చుతుంది అమ్మమ్మా, అన్నీ ఓల్డ్ గేమ్స్," అంది. తరవాత గొంతు తగ్గించి, "కాని ప్లీజ్ లా, ఎవరినీ స్కోల్డ్ చెయ్యకు," అంది, ఇక్కడివాళ్ళ ఇంగ్లీషు మాటల చివర తగిలే ఆ 'లా'తో సహా.

వేదిక మీద మిస్టర్ లిమ్ అనే కుర్రాడు మాట్లాడుతున్నాడు. ముప్పై దాటి ఉండవు. మంచి గొంతు, మెడలోంచి కాకుండా పొట్టలోంచి వచ్చే గొంతు, ఎండలో నాలుగు క్లాసులు వరసగా తీసుకున్నా బొంగురుపోనిది. అది గమనించి మనసులో మార్కులు వేశాను. అప్పుడు తెర మీదికి ఒక బొమ్మ వచ్చింది. ఇద్దరు ఆడపిల్లలు ఎదురెదురుగా, కాలివేళ్ళు ఆనించి, వెనక్కి వాలి గిర్రున తిరుగుతున్నారు. చేతులు చేతులు పట్టుకోలేదు. ఇద్దరి మధ్యా ఒక తువ్వాలు, చెరో కొసా పట్టుకున్నారు. "దీని పేరు విండ్‌మిల్," అన్నాడు లిమ్. మూడు చుట్లు దాటకూడదన్నాడు. చిన్నప్పుడు తన టీచరు నేర్పిందనీ, ఆవిడకి వాళ్ళ టీచరు నేర్పిందనీ చెప్పాడు. బొమ్మ కింద చిన్న అక్షరాలతో ఒక ముక్క రాసి ఉంది: పుట్టుక తెలియదు. నేను లేచి నిలబడ్డాను. మేఘన నా చీర కొంగు పట్టుకుని లాగింది. "అమ్మమ్మా, సిట్ లా." కాలు, అన్నాను. కాలు కాదు.

పుట్టుక తెలియకపోవడమేమిటి? రెండు చేతులు పట్టుకుని గిర్రున తిరిగే ఆట లోకంలో ఇంకెక్కడైనా ఉండొచ్చు, కాదనను. కాని విండ్‌మిల్ అన్న పేరుతో ఈ ఊరి బడుల్లో తిరుగుతున్న ఈ ఆట, సెంబవాంగ్‌లో ఒక బడి మైదానంలో, ఒక శనివారం మధ్యాహ్నం మూడున్నర దాటాక, టీచర్ల చేతుల్లోకి వచ్చింది. నేనక్కడ ఉన్నాను. నాకప్పుడు ఇరవై ఏళ్ళు.

మా నాన్నది విజయనగరం దగ్గర ఊరు. సెంబవాంగ్‌లో దొరల డాక్‌యార్డు ఉండేది, అందులో స్టోర్లలో పని. మేం ఉండేది అక్కడి క్వార్టర్లలో. తెల్లవారుతూనే డాక్‌యార్డు కూత వినిపించేది, కాని మా ఇల్లు ఆ కూతకంటే ముందే లేచేది, ఎందుకంటే నాన్న గోడ గడియారాన్ని ఎప్పుడూ కొన్ని నిమిషాలు ముందుకి తిప్పి ఉంచేవాడు. అది తప్పు టైమని అందరికీ తెలుసు, అయినా అందరం దానికే భయపడేవాళ్ళం. తన ఖాకీ బట్టలు తనే ఇస్త్రీ చేసుకునేవాడు. గంజి పెట్టిన గుడ్డ మీద బొగ్గుల పెట్టె ఆనగానే లేచే ఆ ఆవిరి వాసన, పక్కింటి మలయ్ వాళ్ళ పొయ్యి మీంచి వచ్చే బెలచన్ అనే రొయ్యల ముద్ద వాసన, పోటు దిగినప్పుడు జలసంధి నుంచి వచ్చే బురద వాసన, మూడూ కలిపితే నాకు మా ఇల్లు. అమ్మ ఉలవచారులోకి నంజుకోవడానికి ఇకన్ బిలిస్ వేయించేది. అవి మన నెత్తళ్ళలాంటి చిన్న ఎండు చేపలు. పాయసంలో ఏలకులు లేకపోతే పాండన్ ఆకు ముడివేసి వేసేది. శనివారాలు మాత్రం చేప లేదు, ఏమీ లేదు; వెంకన్నకి ఒక్కపొద్దు. సందె దీపం పెట్టేదాకా మంచినీళ్ళు తప్ప ముట్టేది కాదు.

నాన్న నాకు రెండే నేర్పాడు, తెలుగు అక్షరాలూ లెక్కలూ. డాక్‌యార్డులో సామాన్లకు చుట్టి వచ్చే మందపాటి కాగితాలు తెచ్చి, వాటి మీద ఒక పక్క అక్షరాలు, రెండో పక్క గుణకారాలు రాయించేవాడు. నేనీ నాలుగు ముక్కలు తెలుగులో రాయగలుగుతున్నానంటే ఆ కాగితాల చలవే. ఆటలు మా ఇంట్లో లేవు. ఆటని నాన్న మలయ్ మాటతో పిలిచేవాడు, మైన్ అని. రెండుసార్లు అంటే, మైన్‌మైన్, అదింకా కిందిది. పనికిరాని పని, ఒళ్ళు తెలియని పని. డాక్‌యార్డులో మేస్త్రీలు కూలీలని అదిలించే మాట అది, ఇంట్లోకి అలా వచ్చింది. నాకు ఏడేళ్ళప్పుడు అమ్మ ఒకసారి వంటింట్లో నా రెండు చేతులూ పట్టుకుని ఏదో ఆట చూపించబోయింది. నేను కళ్ళు తిరిగి నీళ్ళ కుండ మీద పడ్డాను. కుండ పగిలింది. "ఏటే ఈ మైన్‌మైన్?" అన్నాడు నాన్న గుమ్మంలోంచి. అంతే, ఆ ఆట అక్కడితో ఆగిపోయింది. దాని పేరేమిటో కూడా నేను అడగలేదు.

అలాంటి ఇంట్లోంచి వచ్చి ఆటల టీచర్ని అయ్యానంటే అందులో నా తెలివేమీ లేదు. సగంపూట చదువుతూ సగంపూట బడిలో పాఠాలు చెప్పే కొత్త టీచర్లని ఖాళీ ఉన్నచోట వేసేవాళ్ళు. మా బడిలో ఆడపిల్లల పీఈకి మనిషి లేదు. నేను పొడుగ్గా ఉన్నాను. మొదటి నెల ఏడుపొచ్చింది. రెండో నెల చివరికి, ఎండలో పిల్లల మధ్య విజిల్ పట్టుకుని నిలబడినప్పుడు తప్ప ఇంకెక్కడా నా ఒళ్ళు నా మాట వినడం లేదని తెలిసింది. కదలకుండా కూర్చోలేకపోవడం జబ్బు కాదనీ, దానికీ ఒక ఉద్యోగం ఉందనీ అప్పుడే తెలిసింది. ఇంతలో హెడ్మాస్టరు పిలిచి, వచ్చే టర్మ్ నుంచి లెక్కల టీచరు కావాలి, నీ లెక్కలు బాగుంటాయట, తీసుకుంటావా అన్నారు. ఆ మాట ఇంట్లో చెప్పకూడదనుకున్నాను. మూడు రోజులు ఆగి చెప్పేశాను. నాన్న ముందు దాచడం నాకు రాదు.

శనివారం గుంపు గురించి చెప్పాలి. దానికి పేరు లేదు, అధ్యక్షుడు లేడు, సభ్యత్వం లేదు. ఆ చుట్టుపక్కల బడుల్లో ఆటలు చెప్పే టీచర్లు, నాతో కలిపి పద్నాలుగు మంది, ఆడా మగా, శనివారం మూడింటికి ఆ మైదానానికి వచ్చేవాళ్ళు. పిలిచింది చెగూ రొహానీ. చెగూ అంటే మలయ్‌లో టీచరు. భారీ మనిషి, ఎర్ర దారానికి కట్టిన విజిల్ మెడలో, నవ్వితే మైదానం ఆ చివరికి వినపడేది. ఒకటే నియమం పెట్టింది: ఆట తెచ్చినవాళ్ళకే టీ. మైదానం పక్కన చెట్టు కింద పెద్ద అల్యూమినియం కెటిల్ ఉండేది, డబ్బా పాలు పోసి కాచిన టీతో. దాని పక్కన పళ్ళెంలో కువే, కొబ్బరీ బియ్యప్పిండీ కలిపి చేసే మలయ్ పిండివంటలు. ప్రతి మనిషీ ఏదో ఒక ఆట, లేకపోతే ఉన్న ఆటలోనే ఒక కిటుకు, తేవాలి. మిగతావాళ్ళ చేత ఆడించాలి. అందరూ అన్నీ పట్టుకుని ఇంటికి వెళ్ళాలి. చేతికి తగలకుండా బంతి ఎలా ఆపాలో, వాన పడితే నలభై మందిని వరండాలో ఎలా ఆడించాలో, పరిగెత్తలేని పిల్లకి ఏ పని ఇవ్వాలో, ఏ కాలేజీలోనూ చెప్పనివన్నీ నేను అక్కడే నేర్చుకున్నాను. కొత్తవాళ్ళకి మూడు శనివారాలు టీ ఊరికే. నాలుగో శనివారం మాత్రం మిస్టర్ ఓంగ్ అనే పెద్దాయన కెటిల్ పక్కన చేతులు కట్టుకుని నిలబడేవాడు, గుళ్ళో చెప్పులకి కాపలా ఉన్నట్టు.

నా మూడో శనివారం ఫార్వర్డ్ రోల్ నేర్చుకున్నాం. ఆ రోడ్డున పోతూ తెలిసినవాళ్ళెవరో చూశారు. మర్నాడు గుళ్ళో నాన్న చెవిన పడింది. ఇంటికొచ్చి, గంజి బట్ట తడుపుతూ అడిగాడు.

"మైదానంలో మగోల్లతో పాటు దొర్లతన్నావంట. నిజమేనేటి?"

"దొర్లడం కాదు నాన్నా. ఫార్వర్డ్ రోల్."

"దాన్ని తెలుగులో ఏటంటారు?"

చాలా ఆలోచించాను. "దొర్లడం," అన్నాను.

వంటింట్లో అమ్మ చేతిలో గరిటె ఆగింది, నవ్వు ఆపుకోవడానికి. నాన్న నవ్వలేదు, కోప్పడనూ లేదు. ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి తీర్పు చెప్పాడు. వచ్చే శనివారం తను వస్తాడు. చూస్తాడు. పని అయితే పనే అనుకుంటాడు. మైన్‌మైన్ అయితే నేను సోమవారం హెడ్మాస్టరుకి లెక్కలు తీసుకుంటానని చెప్పాలి. అంతటితో ఆటలు సరి. "నానూ వస్తాను," అంది అమ్మ లోపల్నించి. నీకెందుకు అన్నాడు నాన్న. "మీరు గొడుగు ఒగ్గీసి వచ్చేస్తారు," అంది. నాన్న జీవితంలో ఏ వస్తువూ ఎక్కడా వదిలి రాలేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

ఆ వారమంతా నిద్రా తిండీ సరిగా లేవు. నాలుగో శనివారం, నా ఆట వంతు, అదే రోజు నాన్న రావడం. పీఈ చేతిపుస్తకం తీసి, అందులో అన్నిటికంటే క్రమశిక్షణగా కనిపించే రిలే ఒకటి ఎంచుకున్నాను, గీతలూ జట్లూ లెక్కలూ ఉన్నది. నాన్నకి గీతలు నచ్చుతాయని. సుద్దతో గీయాల్సిన కొలతలన్నీ బట్టీ పట్టాను. ఆ రోజు నాన్న తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా వేసుకుని, గొడుగు చంకలో పెట్టుకుని, మైదానం అంచున నిద్రగన్నేరు చెట్టు కింద నిలబడ్డాడు. కుర్చీ తెచ్చి వేస్తే కూర్చోలేదు. అమ్మ ఆయన వెనక, చెట్టు మొదలుకి ఆనుకుని. నేను గీతలు గీశాను, జట్లు చేశాను, చెప్పడం మొదలుపెట్టాను. రెండు వాక్యాలు అయ్యాయో లేదో రొహానీ చెయ్యి ఎత్తింది.

"ఇది పుస్తకంలో ఉంది, సత్యా."

"అవును చెగూ."

"పుస్తకం మా అందరి దగ్గరా ఉంది. నీ దగ్గరున్నది తీసుకురా."

ఓంగ్ కెటిల్ మూత మీద వేళ్ళతో దరువు వేశాడు. నో గేమ్ నో టీ, అన్నాడు ఎవరో, అందరూ నవ్వారు. వెటకారం లేదు అందులో, ప్రతివాళ్ళూ ఏదో ఒక శనివారం పడ్డ మాటే. కాని మా నాన్నకి ఆ నవ్వులో ఏం వినపడిందో నేను చెట్టు వైపు చూడకుండానే చెప్పగలను. నా దగ్గర ఏముంది? ఒక పక్క అక్షరాలు, ఒక పక్క గుణకారాలు. చిన్నప్పటి ఆట ఒక్కటి గుర్తు తెచ్చుకోవాలని ఎంత తడుముకున్నా, పగిలిన కుండ తప్ప ఏమీ తగల్లేదు. నా కాళ్ళు కదలడం మానేశాయి. నా జీవితంలో నేను కుదురుగా నిలబడిన నిమిషం అదొక్కటే.

అప్పుడు అమ్మ వచ్చింది. చెప్పులు చెట్టు కింద విడిచి, పైట కొంగు బొడ్లో దోపుకుంటూ, గడ్డి మీద చకచకా నడిచి వచ్చింది, పెరట్లో వాన పడితే బట్టలు తీయడానికి వెళ్ళినట్టు. నా వైపు చూడలేదు. రొహానీ ఎదురుగా నిలబడి, తన కాలివేళ్ళు ఆవిడ బూట్లకి ఆనించి, రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి అడ్డంగా వేసి చాపింది. రొహానీకి అర్థమైంది; ఆటల మనిషికి చేతులు చాపితే చాలు. తనూ అడ్డంగా చాపి అమ్మ వేళ్ళు పట్టుకుంది. అమ్మ తల అడ్డంగా ఊపింది. వేళ్ళు విడిపించి, ఆవిడ పట్టుని పైకి జరిపింది, మణికట్టు దాకా. అమ్మకి వచ్చిందల్లా బజారు మలయ్. అందులోనే చెప్పింది, చేపలవాడితో బేరమాడే గొంతుతో: "పెగాంగ్. క్వాట్ క్వాట్." పట్టుకో, గట్టిగా గట్టిగా.

తిరిగారు. మొదట నెమ్మదిగా, రొహానీ బరువు అమ్మకి అంతుపట్టేదాకా. తరవాత అమ్మ వెనక్కి వాలింది, పూర్తిగా, తల గాల్లోకి వదిలేసి. అంత భారీ మనిషీ ఇంత సన్నటి మనిషీ ఒకరి బరువుకి ఒకరు సరిపోయి బొంగరంలా తిరిగారు. అమ్మ ముడి ఊడిపోయింది. మా అమ్మ జుట్టు పగటిపూట విరబోసి ఉండగా నేను చూసింది తలంటి రోజుల్లోనే. రొహానీ నవ్వు ఆ చివరికి వినపడింది. దాని కింద ఇంకో నవ్వు వినపడింది, సన్నగా, తెరలు తెరలుగా. అది ఎవరిదో నాకు ఓ క్షణం తెలియలేదు. ఆగాక ఇద్దరూ ఒకరినొకరు వదల్లేదు, వదిలితే పడతారు కనక. పేరేమిటని అడిగింది రొహానీ రొప్పుతూ. నేను అమ్మని అడిగాను. "ఒప్పులకుప్ప," అంది అమ్మ. ఆ మాట ఎవరికీ నోరు తిరగలేదు. ఓంగ్ నాలుగుసార్లు ప్రయత్నించి నాలుగు వేరు వేరు మాటలు అన్నాడు. రొహానీయే తేల్చేసింది: కించిర్. మలయ్‌లో గాలిమర అని అర్థం; తరవాత ఇంగ్లీషులో అదే విండ్‌మిల్ అయింది. అందరూ జంటలు కట్టారు. అడ్డచేతులు, మణికట్టు పట్టు, అమ్మ ఒక్కొక్క జంట దగ్గరికీ వెళ్ళి సరిచేసింది. నేను తన వెనక తిరిగి ఇంగ్లీషులో చెప్పాను. ఆ రోజు టీచరు అమ్మ. నేను దుబాసీని.

మొదటి కప్పు టీ ఓంగ్ తెచ్చి అమ్మకి ఇచ్చాడు, రెండు చేతులతో. శనివారం. ఒక్కపొద్దు. పైగా పరాయి చేతి టీ. అమ్మ కప్పు వైపు చూసింది, చెట్టు వైపు చూసింది, తాగేసింది. కప్పు అడుగున మిగిలిన చక్కెర పాలు కూడా వంచుకుని తాగింది.

బస్సులో నాన్న ముందు సీట్లో కూర్చున్నాడు, మేమిద్దరం వెనక. నా ఉద్యోగం ఆ మెడ వెనక భాగంలో రాసి ఉన్నట్టు దాన్నే చూస్తూ కూర్చున్నాను. దిగి క్వార్టర్ల వైపు నడుస్తుంటే ఆగి, నా కాళ్ళ వంక చూశాడు.

"ఆ బూట్లేటి అలాగున్నాయి? పనికెల్లే మనిషి బూట్లలాగున్నాయేటి?"

అంతే. పనికెళ్ళే మనిషి అన్నాడు. మర్నాడు సాయంత్రం నా గుడ్డ బూట్లు రెండూ తీసుకుని, తడి సుద్ద రాసి, గుమ్మం పక్కన ఎండబెట్టాడు. తను మంచాన పడేదాకా ఏ ఆదివారమూ మానలేదు. తడి సుద్ద వాసన తగిలితే ఇప్పటికీ నా వీపు నిటారవుతుంది. సోమవారం హెడ్మాస్టరుకి లెక్కలు వద్దని చెప్పాను.

తరవాతి శనివారం రెండింటికి నేను తయారై వచ్చేసరికి అమ్మ ఆకుపచ్చ చీర తీసి మంచం మీద పెట్టుకుంది. జుట్టు గట్టిగా, మామూలుకంటే గట్టిగా, ముడి వేసుకుంది. మళ్ళీ ఊడిపోకుండా అన్నట్టు. వచ్చే వారం కూడా రమ్మని రొహానీ తనకి చెప్పింది, చేతులతోనే. నాన్న ఇస్త్రీ చేస్తున్నాడు. తలెత్తలేదు. గొంతు పెంచలేదు.

"ఒకసారి సూసాం గదా," అన్నాడు.

చూశాం అన్నాడు, ఇద్దరినీ కలిపి. అమ్మ మంచం దగ్గరికి వెళ్ళింది. చీర మడత విప్పనేలేదు కనక మళ్ళీ మడవాల్సిన పని కూడా లేదు. అలాగే ఎత్తి పెట్టెలో పెట్టేసింది. నేను గుమ్మంలో ఒక కాలు లోపల, ఒక కాలు బయట. "ఎల్లవే, ఆలీసమైపోతాది," అంది నాతో. గడియారం ఎలాగూ ముందుకే ఉంది. వెళ్ళాను.

ఆ తరవాత ఇరవై రెండేళ్ళు వెళ్ళాను. గుంపు పలచబడి, మైదానం మూసేసేదాకా. ప్రతి శనివారం సందె దీపం పెట్టి ఒక్కపొద్దు విడిచాక, అమ్మ నా ఎదురుగా కూర్చుని అడిగేది, ఇయాల ఏటి ఆడేరని. మాటలతో చెబితే ఒప్పుకునేది కాదు. ఉల్లిపాయలు ఒక జట్టు, ఎండుమిరపకాయలు ఒక జట్టు, నేల మీద పేర్చేది. నెట్‌బాల్ నియమాలు మా బడిలో పిల్లలకంటే ముందే అమ్మకి వచ్చేశాయి. బంతి పట్టుకుని అడుగు వెయ్యకూడదంటే చాలాసేపు ఆలోచించి, "మరైతే ఆ పిల్లకి కాలెందుకే," అంది. ఇప్పుడు ఎవరైనా ఆ నియమం చెబుతుంటే నాకు ఉల్లిపాయ కనిపిస్తుంది.

ఇదంతా తెర ముందు నిలబడి ఆలోచించానని కాదు. తలచుకోవడానికి అంత టైమెక్కడిది. ఈ సంగతులు నాలో ఎప్పుడూ నడుస్తూనే ఉంటాయి, వాటికీ కుదురు లేదు. లిమ్ నన్ను చూసి, ప్రశ్న అడగడానికి లేచాననుకున్నాడు. "యెస్, ఆంటీ?" అన్నాడు. హాలంతా నా వైపు తిరిగింది. మేఘన తల పట్టుకుంది.

తువ్వాలు తీసెయ్ అన్నాను. ఎందుకు పెట్టారో ఎంతో మర్యాదగా వివరించాడు. పిల్లల చేతులకి చెమట, జారుతుంది, ఒక బడిలో ఎవరిదో పన్ను విరిగింది. నిజమే. ఆ కాలంలో పన్ను విరిగితే ఆటలో విరిగింది అనుకునేవాళ్ళం, అదేమంత గొప్ప సంగతి కాదు. ఇప్పటివాళ్ళు పిల్లల్ని ఎక్కువ చూసుకుంటున్నారు. అదీ కాక, ఆ హాల్లో సగానికి పైగా ఆడవాళ్ళే. పెళ్ళైనా ఉద్యోగం మానక్కర్లేనివాళ్ళు, ఎవరినీ అడగకుండా శనివారం పొద్దునే బయల్దేరి వచ్చినవాళ్ళు. వెనక వరసలో ఒక అమ్మాయి చంటిపిల్లని ఒళ్ళో పెట్టుకుని నోట్సు రాసుకుంటోంది. పాతదే మంచిదని నేను అనను. కాని జారేది చెమట వల్ల కాదు, పట్టు వల్ల.

వేదిక మీదికి వెళ్ళాను. తిరగడం నా మోకాలికి కుదరదు కనక మేఘనని పిలిచాను. అది సిగ్గుతో ఎర్రబడి వచ్చింది. లిమ్ ఎదురుగా నిలబెట్టి, ఇద్దరి చేతులూ అడ్డంగా వేయించాను. వాళ్ళు వేళ్ళు పట్టుకున్నారు. విడిపించి మణికట్టు దాకా జరిపాను. "పెగాంగ్," అన్నాను. "క్వాట్ క్వాట్." తిరిగారు. హాలు చప్పట్లు కొట్టింది. మూడు చుట్లు దాటాయి, ఎవరూ లెక్కపెట్టలేదు. ఆగాక లిమ్ రొప్పుతూ, "సాలిడ్ లా ఆంటీ, ఇది ఎవరి దగ్గర నేర్చుకున్నారు?" అన్నాడు. మా అమ్మది అన్నాను. పేరు పైడమ్మ. ఆట పేరు ఒప్పులకుప్ప. రెండూ రెండేసిసార్లు, మైకులో, విడమరిచి చెప్పాను. మంచి కుర్రాడు, అక్కడికక్కడే కంప్యూటర్ దగ్గరికి వెళ్ళి, అందరూ చూస్తుండగా 'పుట్టుక తెలియదు' అన్నది చెరిపేశాడు. దాని స్థానంలో టైపు చేశాడు: ఇండియన్ సంప్రదాయ ఆట. మళ్ళీ చప్పట్లు. నేను దిగి వచ్చి కూర్చున్నాను.

ఇంటికి బస్సులో సీటు ఉన్నా నేను నిలబడే ఉన్నాను. మేఘన ఇంకా మణికట్టు రుద్దుకుంటోంది. దాని ముత్తమ్మమ్మ రొహానీతో తిరగడం, ముడి ఊడిపోవడం, టీ తాగడం అన్నీ చెప్పాను. అది కళ్ళు పెద్దవి చేసుకుని విన్నది. "వా, సో కూల్," అంది. "మరి నెక్స్ట్ శనివారం? మళ్ళీ వచ్చిందా?"

ఒకసారి చూశాం కదా, అన్నాను.

ఇంటికొచ్చాక లెక్క చూసుకున్నాను. పోయినవి ఇవి. సెంబవాంగ్‌లో మైదానం ఒకటి, నిద్రగన్నేరు చెట్టుతో సహా. దాని మీద ఇప్పుడు ఫ్లాట్లు. శనివారం గుంపు పద్నాలుగు మందిలో పదమూడు మంది. టీ కెటిల్, చివరికి ఎవరింటికి చేరిందో తెలియదు. నా కుడి మోకాలు. ఆటకి ఒక పేరు, తరవాత పెట్టిన ఇంకో పేరు. మా అమ్మ శనివారాలు, ఒకటి తీసేస్తే, అన్నీ.